సన్‌రూఫ్ అద్దం

"అద్దం మార్చేవరకు ఈ బండిలో పాపను ఎక్కియ్యొద్దన్నా" అని భూపేష్ మళ్లీ చెప్పాడు. వసంతకుమార్ భార్య రెజీనా ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే గ్లాసు అరుగు మీద పెట్టి, కారు పైకప్పు వైపే చూస్తున్నాడు.

భూపేష్ కడపలో పాత కార్లు అమ్ముతాడు. కోయిలకుంట్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీ నడిపే వసంతకుమార్‌కు ఆ ఖరీదైన విదేశీ కారును అమ్మింది అతనే. అమ్మినాక ఒక్కసారి కూడా ఫోన్ చేయని మనిషి, ఈరోజు పొద్దున్నే బస్సు దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. ఆ మోడల్ కార్లలో సన్‌రూఫ్ అద్దం సరిగ్గా అతుక్కోలేదని, పరుగులో ఊడిపోవచ్చని, అందుకే కంపెనీ వాటిని వెనక్కి పిలిపించి ఊరికే అద్దాలు మారుస్తోందని టీవీలో చూశాడట.

వసంతకుమార్ ఫోన్ తీసి కంపెనీ వెబ్‌సైట్‌లో కారు కాగితాల్లో ఉన్న ఛాసిస్ నంబరు కొట్టి చూశాడు. ఆ లోపమున్న కార్లలో ఇది లేదని వచ్చింది.

"మన బండి లేదు కదప్పా ఇందులో. కంపెనీ వాళ్లకు తెలియనిది నీకెట్ల తెలిసె?"

భూపేష్ కారు మెట్టు మీదికెక్కి అద్దం మూలను వేలితో నొక్కాడు. అది సన్నగా కిర్రుమంది. ఇంకో మూల నొక్కాడు. అక్కడ అంచు కొంచెం పైకి లేచింది.

వసంతకుమార్ ముఖంలో నవ్వు పోయింది. అయినా అనుమానం పోలేదు. వచ్చే ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రెజీనా చెల్లెలి నిశ్చితార్థానికి అందరూ ఇదే కారులో కడపకు పోవాలనుకున్నారు. ఇప్పుడు ఈ మనిషి వచ్చి బండి తీయొద్దంటున్నాడు. మంచి బేరం తగిలి, బండిని వెనక్కి లాక్కోవడానికి ఈ కథ చెబుతున్నాడేమోనని భార్యను లోపలికి పిలిచి గొంతు తగ్గించి అన్నాడు. రెజీనాకు అట్లా అనిపించలేదు. మోసం చేయడానికి వచ్చినవాడు ఇంత దిగులుగా ఎందుకుంటాడు?

బస్టాండు దగ్గరి మెకానిక్‌ను భూపేషే పిలిపించాడు. ఆ అద్దం బయట దొరకదని, కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే మార్చాలని మెకానిక్ చెప్పాడు. వాళ్లు ముందు కారును కంప్యూటర్‌కు తగిలిస్తారని, ఆ కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ అందులో కనబడతాయని కూడా అన్నాడు. అదేమీ లేకుండా మార్చే దారి లేదా అని భూపేష్ అడిగాడు. లేదని చెప్పి మెకానిక్ వెళ్లిపోయాడు.

భూపేష్ అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎండ అతని కాళ్ల మీదికి వచ్చినా జరగలేదు.

అంతలో ఒంటిపూట బడి నుంచి వచ్చిన పాప సంచి పారేసి కారెక్కింది. రోజూ చేసే పనే. తాళంచెవి కారులోనే ఉంది. బటన్ నొక్కి సన్‌రూఫ్ తెరిచి, సీటు మీద నిలబడి తల బయటపెట్టింది. అద్దం సగం దూరం జరిగి, ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

భూపేష్ ఒక్క ఉరుకున పోయి పాప రెండు చంకల కింద చేతులేసి కిందికి దించాడు. తల, భుజాలు తడిమి చూశాడు. పాప బిత్తరపోయి తల్లి దగ్గరికి పరిగెత్తింది.

"బండి అప్పజెప్పిన రోజు గూడా ఇట్లనే నిలబడి నాకు టాటా చెప్పింది" అన్నాడు భూపేష్, ఎవరి వైపూ చూడకుండా. "నేనే తీసకపోతానన్నా కడపకు."

డ్రైవర్‌ను పంపుతానని వసంతకుమార్ అన్నాడు. భూపేష్ ఒప్పుకోలేదు. ఇంకెవరూ పోగూడదని, తానే పోవాలని పట్టుబట్టాడు. వసంతకుమార్ ఇంకా తటపటాయిస్తూ ఉండగానే రెజీనా కారులోంచి తాళంచెవి తెచ్చి భూపేష్ చేతిలో పెట్టింది. తన బిడ్డను అట్లా ఎత్తుకున్న మనిషిని అనుమానించడానికి ఆమెకు మనసు రాలేదు.

భూపేష్ అద్దాన్ని చేత్తో మెల్లగా నెట్టి మూసి, పైన టేపు అతికించి, నిదానంగా కారు తోలుకుని పోయాడు.

మూడున్నరకల్లా కడప చేరాల్సినవాడు ఫోన్ చేయలేదు. వసంతకుమార్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. సాయంత్రమైనా అదే మాట. వసంతకుమార్ ఫ్యాక్టరీకి పోకుండా వసారాలో అటూ ఇటూ తిరిగాడు.

"సన్‌రూఫ్ పేరు చెప్పి బండి ఎత్తకపోయినాడు. నువ్వే తాళంచెవి చేతికిస్తివి."

రెజీనా పాపను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమురుతూ ఉంది. తాను పొరబడిందా? కానీ పాప కోసం ఉరికిన ఆ ఉరుకు అబద్ధం కాదు, దాన్ని ఆమె కళ్లారా చూసింది.

పోలీసు స్టేషన్‌కు పోదామని వసంతకుమార్ చెప్పులేసుకుంటుండగా ఫోన్ మోగింది. కడప సర్వీసు సెంటర్ నుంచి ఒక అమ్మాయి మాట్లాడింది. కారు తమ దగ్గరే భద్రంగా ఉందని, సన్‌రూఫ్ అద్దం పట్టుకోగానే చేతిలోకి ఊడి వచ్చిందని చెప్పింది. ఇంకో ప్రయాణం చేసి ఉంటే లోపలున్నవాళ్ల గతి ఏమయ్యేదో అన్నది.

వసంతకుమార్ అరుగు మీద కూలబడ్డాడు. పాప వైపు చూశాడు. అంతవరకు తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. భూపేష్‌కు ఫోన్ ఇవ్వమని, ఒక్క మాట చెప్పుకోవాలని అడిగాడు.

ఆయన ఇక్కడ లేడని ఆ అమ్మాయి చెప్పింది. కారును కంప్యూటర్‌కు తగిలించకముందే మేనేజర్‌ను అడిగి పోలీసులను పిలిపించుకున్నాడట. వసంతకుమార్ తప్పేమీ లేదని పోలీసులతో మరీమరీ చెప్పి, వాళ్ల వెంట పోయాడట.

"పోలీసులు ఎందుకమ్మా?" అన్నాడు వసంతకుమార్.

"ఈ కారును దొంగిలించి, ఛాసిస్ నంబరు మార్చి మీకు అమ్మింది ఆయనేనంట సార్."