ముత్తవ్వ ఏనుగు

"చాయ్ పోసేలోపు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నవత గిన్నె దించుతూ గొంతు తగ్గించి అడిగింది. హరికిషన్ వంటింటి గుమ్మంలో నిలబడి ముందుగది మీద ఒక కన్ను వేసి ఉంచాడు. సైనిక్‌పురి నుంచి వచ్చిన పెళ్ళివారు, నరసరాజు, ఆయన భార్య ప్రేమమణి, కొడుకు సత్యదేవ్, అక్కడ సోఫాలో సర్దుకుంటున్నారు.

"లగ్గమైనంక నిమ్మళంగ చెప్తలే బిడ్డా."

"లగ్గమైనంకనా! అంటే ఆ ఇంట్ల నేను దినాం రాణి వారసురాలి లెక్క నడవాల్నా? సత్యదేవ్ నాకు నచ్చిండు నాయినా. అందుకే చెప్తున్న. అబద్ధం మీద నేను పోను."

"జెర మెల్లగ..."

"నీ కథల రాజులే నయం. బిడ్డను శత్రువుకిచ్చినా, నిజం చెప్పి ఇచ్చిండ్రు."

ఆ మాట సూటిగా తగిలింది. రైల్వేలో రిటైరైనప్పటి నుంచి సీతాఫల్‌మండిలోని ఈ చిన్న ఇంట్లో కూర్చుని హరికిషన్ చేసే పని ఒక్కటే. భార్య కమలాబాయి పేరు పెట్టుకుని ఒక కథల వెబ్‌సైటుకు పాతకాలపు రాణుల ప్రేమకథలు అల్లడం. కోటలు, పల్లకీలు, తండ్రులు కుదిర్చిన పెళ్ళిళ్ళు, తెరచాటు కన్నీళ్ళు. రాణి మనసులో మాట మగవాడు రాస్తే ఎవరు నమ్ముతారని ఆడపేరు. ఆ గుట్టు ఇల్లు దాటలేదు.

కథలో అబద్ధమాడితే జనం మెచ్చుకుంటారు. ఆ అలవాటే మెల్లగా నోటికి పాకింది. అల్వాల్‌లో ఎవరిదో పెళ్ళి. భోజనాల దగ్గర పక్కన కూర్చున్న నరసరాజు ముద్దముద్దకూ "మాది రాజరక్తం" అంటుంటే హరికిషన్‌కు ఒళ్ళు మండింది. "మాది సుత. మా ముత్తవ్వ రాణివాసంల పుట్టింది" అనేశాడు. పెరుగన్నం వచ్చేసరికి ముత్తవ్వకు ఒక ఏనుగు కూడా వచ్చింది. చేతులు కడుక్కునేసరికి నరసరాజు "మీకు ఆడపిల్ల ఉన్నదా?" అని అడిగాడు.

అప్పటి నుంచి ఆయన ఫోన్ చేసి "రాజావారూ" అన్నప్పుడల్లా హరికిషన్‌కు ఫోను చేతిలో కాలుతున్నట్టే ఉంది.

కమలాబాయి విసవిసా వచ్చింది. "ఇద్దరూ ఈడనే ఉంటే ఆడ ఎవరు మాట్లాడాలె? ఆయన ఏనుగు ముచ్చట అడుగుతున్నడు. నాకేం తెలుసు నీ ఏనుగు సంగతి?"

హరికిషన్ కాళ్ళీడ్చుకుంటూ ముందుగదిలోకి వెళ్ళాడు.

"రండి రండి రాజావారూ!" అన్నాడు నరసరాజు. "మా తమ్ముళ్ళకందరికి చెప్పేసిన, అంతఃపురంల నుంచి కోడల్ని తెస్తున్న అని."

"ఈయనకు వేరే లోకం లేదన్నా," అంది ప్రేమమణి. "పొద్దుందాక ఫోన్ల చరిత్రనే చదువుకుంట కూసుంటడు."

"చరిత్ర తెల్వనోడు మనిషేనా? అది సరే గాని, మీ ముత్తవ్వగారి ఏనుగు పేరేంది?"

హరికిషన్ నాలుక మీద మంచి పేరొకటి అప్పుడే తయారైంది. అంతలో నవత పళ్ళెంతో వచ్చి నిలబడింది. తండ్రినే చూస్తోంది. ఆయన ఆ పేరును మింగేశాడు.

"ఏనుగు లేదు."

"అయ్యో, సచ్చిపోయిందా?"

"అసలే లేదు. రాణి సుత లేదు. మా ముత్తవ్వ కట్టెలమ్మింది. మా తాత పట్టాల మీద గ్యాంగ్‌మన్. ఆ దినం మీ ముందట తక్కువైతనేమో అని నోటికొచ్చింది అన్న. తప్పయింది. పిల్ల తప్పు ఇందుల ఏం లేదు. నిజం చెప్పమని నా పానం తీసింది అదే."

హరికిషన్ తల ఎత్తలేకపోయాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఇప్పుడు వేరే సిగ్గు పట్టుకుంది. నెత్తిన కట్టెలు మోసి ఇంటిల్లిపాదినీ బతికించిన మనిషిని, లేని ఏనుగు వెనక దాచేశాడు.

నరసరాజు లేచాడు. వెళ్ళిపోతారనుకుని కమలాబాయి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నేరుగా వచ్చి హరికిషన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"అబద్ధం ఒప్పుకునేతందుకు గుండె కావాలె. నేనైతే ఒప్పుకునేటోణ్ణే కాదు. ఏం ఫికరు చెయ్యకు బావా, రెండిండ్లకు సరిపోను రాజరక్తం మా దగ్గర ఉన్నది. మా వంశం ఎవరితోని షురూ అయిందో తెలుసా? మల్లసానితోని!"

కమలాబాయి చేతిలోని లడ్డూల పళ్ళెం ఒక పక్కకు ఒరిగింది.

"తండ్రి ఆమెకు శత్రురాజుతోని పెళ్ళి కుదిర్చిండు. ఆ రాజు లగ్గానికి రాలే. అప్పటి రివాజు ప్రకారం తన బదులు కత్తిని పంపిండు, దాని పక్కన పిల్లను కూసోబెట్టి లగ్గం కానియ్యమని. మా మల్లసాని ఏమన్నది? 'కత్తితోని నేనేం కాపురం చేస్త, మనిషిని రమ్మను' అని తిప్పి పంపింది. ఇగ ఆ రాజు కాలినడకన వచ్చిండు!" నరసరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "తాతముత్తాతల సంది మా ఇంట్ల చెప్పుకుంటున్న ముచ్చట ఇది."

నవత చాయ్ పళ్ళెం టీపాయి మీద పెట్టేసి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కమలాబాయికి పొలమారింది. హరికిషన్ తల ఇందాకటి కంటే కిందికి దిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పేసిండ్రు, అయిపోయింది కదన్నా," అంది ప్రేమమణి జాలిగా. "ఇంకా ఎందుకు గంత సిగ్గుపడుతున్నరు?"

హరికిషన్ నోరు తెరిచాడు. నరసరాజు తడి కళ్ళను చూశాడు, పక్కనే తండ్రిని గర్వంగా చూస్తున్న సత్యదేవ్‌ను చూశాడు. మళ్ళీ మూశాడు.

"శానా గొప్పతల్లి," అని చేతులు జోడించాడు.

"ఇగ సంబంధం ఖాయం!" అన్నాడు నరసరాజు.

మల్లసాని పుట్టింది పోయిన ఎండాకాలం, ఆ గదిలోనే, కమలాబాయి పేరుతో హరికిషన్ అల్లిన కథలో.