తప్పొప్పుల చీటీ

"చదవకుండానే చదివానని చెప్పడం దేనికమ్మా?" అన్నాడు సర్వేయరు.

మందుల షాపావిడ బిల్లు కొట్టడం ఆపి తలెత్తింది. "అదేంటి బాబాయ్‌గారూ? రెండు రోజులు ఈ స్టూలు మీదే కూర్చుని చదివాను. చాలా బాగుందన్నాను. ఈసారి పిన్నిగారిని కూడా తీసుకురండి, చూడాలనుంది అన్నాను. అందులో తప్పేముంది?"

"ఆఖరి పేజీ దాకా చదివినవాళ్లెవరూ ఆ మాట అనరు."

రిటైరై చాలాకాలమైనా ఆయన్ని అందరూ సర్వేయరనే పిలుస్తారు. భార్య మీద పుస్తకం రాసి, సొంతంగా మూడు వందల కాపీలు అచ్చు వేయించి, వెనక అట్ట మీద తన ఫోన్ నంబరే వేసుకుని, చేతిసంచీతో షాపు షాపుకీ తిరుగుతున్నాడు. నాలుగు కాపీలు కౌంటర్ మీద పెట్టుకోమని అడగడానికి మొదట్లో నోరు పెగిలేది కాదు. అది అలవాటైంది. అలవాటు కానిది ఈ పొగడ్తే. మొన్న లైబ్రరీ ఆయన "ఈసారి దంపతులిద్దరూ రండి, మా పాఠకులకి పరిచయం చేస్తాను" అన్నాడు. నిన్న సెలూన్ కుర్రాడు గడ్డం గీస్తూ "అమ్మగారి ఒంట్లో ఇప్పుడెలా ఉంది సార్?" అని అడిగాడు. అట్ట చూసి తలా నాలుగు తీపి మాటలు విసిరేస్తున్నారు తప్ప లోపల ఏముందో ఒక్కడికీ పట్టలేదని ఆయన కోపం.

"నా పుస్తకాలు నాకిచ్చెయ్ తల్లీ," అని కౌంటర్ మీది కాపీలు సంచీలో సర్దుకోబోయాడు.

ఆవిడకీ రోషం వచ్చింది. "ఆఖరి పేజీయేగా? పిన్నిగారు హాస్పిటల్ నుంచి ఇంటికొస్తారు. గుమ్మంలో నిలబడి, మీరు తిరగేసి తగిలించిన కర్టెన్లు చూసి, 'నెల్లాళ్లు నేను లేకపోతే ఇంటిని గోడౌన్ చేసిపెట్టారు' అని దులిపేస్తారు. ఆ తిట్లు వింటూనే మీరు టీ పెట్టడానికి వెళతారు. అంతేనా, ఇంకేమైనా వదిలేశానా?"

సర్వేయరు చేతిలో పుస్తకం చేతిలోనే ఉండిపోయింది.

మందుల కోసం వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద కూలబడి, ఆఖరి పేజీ తీశాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉంది. కర్టెన్లు, గోడౌను, టీ.

ఆయన రాసింది ఇది కాదు. పన్నెండో అధ్యాయం చివర తన చేత్తో రాసింది ఒక్కటే వాక్యం: సాయంత్రం నాలుగూ పదికి, తొమ్మిదో నంబరు మంచం మీద, ఆమె వెళ్లిపోయింది. ప్రూఫులు వచ్చినప్పుడు పదకొండు అధ్యాయాలూ కామాలతో సహా దిద్దాడు. పన్నెండోది మళ్లీ చదవడానికి మనసొప్పక కూతురికి వదిలేశాడు. మొత్తం టైపు చేసిందీ, ప్రెస్సుకి పంపిందీ ఆ పిల్లే.

ఇంటికి వెళ్లేసరికి కూతురు భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, పోస్టులో పంపాల్సిన కవర్లకి అడ్రసులు అంటిస్తోంది. సర్వేయరు ఆ పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఏంటిది?"

ఆమె చూసింది. నింపాదిగా గమ్ము సీసాకి మూత పెట్టింది. "ఎప్పటికైనా చూస్తారని తెలుసు నాన్నా."

"నలభై ఏళ్లు ఊరూరా భూములు కొలిచాను. జానెడు తేడా వచ్చిందని ఒక్కడి చేత మాట పడలేదు. నా పేరు పెట్టి అబద్ధం అచ్చు వేయిస్తావా?"

"అంతా టైపు చేశాను. ఆ ఒక్క లైను దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. చేతులు ఆడలేదు." ఆమె తన వేళ్లకేసి చూసుకుంది. "అమ్మ పోయినప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు. ఇక్కడ ఉంది కదా నాన్నా."

సర్వేయరు ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. అయినా పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. "తప్పొప్పుల చీటీ వేయిద్దాం. మిగిలిన కాపీలన్నిట్లో అంటిద్దాం. ఇప్పటికే తీసుకున్నవాళ్లకి ఇంటింటికీ తిరిగి నేనే ఇచ్చొస్తాను. చెబుతాను, టైపు చెయ్."

కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. "చెప్పండి."

"పన్నెండో అధ్యాయం, ఆఖరి పేజీ. 'ఇంటికి వచ్చింది' అని ఉన్నచోట..."

"ఊఁ."

"ఉన్నచోట..." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "రాశావా?"

"ఉన్నచోట దాకా రాశాను నాన్నా. తర్వాత?"

ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఎవరో ఆడమనిషి, పక్కన ఎవరికో నిద్రాభంగం అవుతుందన్నట్టు మెల్లగా మాట్లాడుతోంది.

"వెనక అట్ట మీద నంబరు చూసి చేస్తున్నానండి. మా ఆయన ఇరవై రోజులుగా హాస్పిటల్లో ఉన్నారు. మీ పుస్తకం రోజూ కొంచెం కొంచెం చదివి వినిపిస్తున్నాను. ఇవాళ్టితో అయిపోయింది. అమ్మగారు ఇంటికొచ్చి మిమ్మల్ని తిట్టిన చోట ఈయన నవ్వారండి. ఇక్కడ చేరాక నవ్వడం ఇదే మొదలు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "మీరేమీ అనుకోకపోతే అమ్మగారికి ఒకసారి ఫోనివ్వరూ? ఎలా గట్టెక్కారో ఆవిడ నోటితోనే వినాలనుంది."

ఎదురుగా తెర మీద సగం వాక్యం. కూతురి వేళ్లు మీటల మీద అలాగే ఆగి ఉన్నాయి. సర్వేయరు చెయ్యి చాపి, ఆ వేళ్లని మెల్లగా పక్కకి తీశాడు.

"ఇప్పుడే అలా బయటికి వెళ్లిందమ్మా," అన్నాడు. "రావడానికి కాస్త ఆలస్యమవుతుంది."