ఉప్పులేని సొరకాయ కూర

ఆ ఏడాది నుంచి ఆవకాయ జాడీలకి బీపీ చూసే మూతలు వచ్చాయి. ఎవరి జాడీ వాళ్లది. మూత మీద బొటనవేలు ఆనించాలి. నూట ముప్పై దాటిందా, మూత కదలదు. సుభాషిణి జాడీ రెండుపూటలా తెరుచుకునేది. ఆమె భర్త భాస్కరం జాడీ మాత్రం ఆవకాయ కలిపిన రోజు నుంచి మౌనవ్రతంలో ఉంది.

"నీ జాడీలోంచి ఒక్క ముక్క వెయ్యవే," అన్నాడతను.

"నా పళ్లెం దాటితే అలారం మోగుతుందండీ. కింది వాటా వాళ్ల పరువు మొన్ననేగా పోయింది!"

కొత్తావకాయ పాతబడేలోగా ఒక్క ముక్కైనా తినాలని భాస్కరం నలభై రోజులు దీక్ష పట్టాడు. సిగరెట్లు మానాడు. పొద్దున్నే నడిచాడు. మజ్జిగలో ఉప్పు కూడా మానాడు. నలభై ఒకటో రోజున వేడన్నం ముందు కూర్చుని వేలు ఆనించాడు. నూట ఇరవై ఆరు! మూత కిర్రుమంది, వాసన గుప్పుమంది. ఆ సంబరానికి అంకె నూట యాభైకి ఎగబాకి, మూత టప్పున మూసుకుపోయింది.

"ఆశపడకుండా తెరవాలండీ."

"ఆశ లేనివాడికి ఆవకాయెందుకే!"

మర్నాడు అతను వేలు ఆనిస్తుండగా సుభాషిణి తాపీగా చెప్పింది: "ఇవాళ ఉప్పులేని సొరకాయ కూర. రాత్రికీ అదే."

భాస్కరానికి లోకం మీదే విరక్తి కలిగింది. నూట పద్దెనిమిది. మూత తెరుచుకుంది. అతను తేరుకునేలోగా ఆమే చెంచాతో ముక్క తీసి పళ్లెంలో వేసింది.

ఆ మర్నాడు ఆమె "సొరకాయ" అందో లేదో, భాస్కరం మొహం వెలిగిపోయింది, నోరూరింది. నూట యాభై ఐదు.

సుభాషిణి వెళ్లి ఓట్స్ డబ్బా దించింది.