ముందు సీటు

“రోడ్డంతా గుంతలైతే కారేం జేస్తాది? ఆడోళ్లకు ఓపిక ల్యాకపాయ,” అన్నాడు చెన్నకేశవులు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరులో ఇల్లు చేరేసరికి, నెలలు నిండిన కోడలు నడుము పట్టుకుని అరుగు మీద కూలబడింది.

భార్య ఓబులమ్మకు ఒళ్లు మండింది. “నీ ముందు సీటు కింద అదే రోడ్డు ల్యాకుండెనా?”

విసురుగా వెళ్లి డిక్కీని రెండు చేతులతో నొక్కి వదిలింది. కారు ఉయ్యాలలా ఊగుతూనే ఉంది.

కారు నడిపే కొడుకు అవినాష్ వంగి చూశాడు. “వెనక షాకబ్జార్బర్లు రెండూ పోయినాయి నాయినా. ఆయిలంతా కారిపోయింది.”

“నాకు తెలీలేదే!”

“యాడ తెలుస్తాది? కొన్నప్పట్నుంచీ దొర మాదిరి ముందరే కూచుంటాండావు,” అంది ఓబులమ్మ.

చెన్నకేశవులు వెనక సీటును కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

ఓబులమ్మ అందరికీ వినబడేలా నిదానంగా చెప్పింది.

“పొద్దున్నే కొత్తవి ఏయించుకోని రాండి. షెడ్డు దాకా మీ నాయిన వెనక కూచుంటాడు. ఆనక జమ్మలమడుగు ఆసుపత్రికి పోవల్ల. ముందు సీటు కోడలిది.”