మెత్తటి ట్రిగ్గర్

“ఇంకా మెత్తగా కావాలి అన్నయ్యా.”

ఆమె పిస్టల్ పెట్టెను మళ్లీ బల్ల మీద పెట్టింది. తుపాకుల మిస్త్రీ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పెట్టె వంక చూశాడు గాని, దాన్ని ముట్టుకోలేదు.

“మొన్ననే తగ్గించాను కదమ్మా. పోటీలకి వెళ్లేవాళ్లు కూడా ఇంతకన్నా తగ్గించుకోరు.”

“మా ఆయనకి పోటీలెక్కడివి? పడిపోయిన చెయ్యి. ఇప్పుడిప్పుడే వేళ్లు కదులుతున్నాయి. నిన్న చెంచా పట్టుకున్నారు. ట్రిగ్గర్ మాత్రం లాగలేక కళ్లనీళ్లు పెట్టుకున్నారు.”

మిస్త్రీకి ఆ మాట చివుక్కుమంది. ఒకప్పుడు గురి తప్పని మనిషట. పక్షవాతం వచ్చి కుడి పక్క చచ్చుబడింది. మళ్లీ బతుకు మీద ఆశ పుడుతుందని ఈవిడే కొత్త పిస్టల్ కొనిచ్చింది. కాగితపు గురి మీద కాల్చుకునే చిన్న గుళ్ల పిస్టల్ అది. మొదట బ్యారెల్‌లో మసి ఎలా తుడవాలో అడగడానికి వచ్చింది. నూనె ఒక్క చుక్క చాలునని, ఖాళీగా పేలిస్తే లోపలి పిన్ను ఇనుముకు కొట్టుకుని పాడవుతుందని అతను చెబుతుంటే బుద్ధిగా వింది. తర్వాత చెక్క పిడి వేయించింది. ఆ తర్వాత గురి చూసుకునే మంచి సైటు పెట్టించింది. ఒకసారి చెప్పింది మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని అతను ఈ మధ్య చూడలేదు.

అయినా లోపల ఏదో పీకుతూనే ఉంది.

“ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. మంచాన పడ్డ మనిషి. విసిగిపోయి ఉంటాడు. దాన్ని తనవైపే తిప్పుకుంటే?”

ఆమె పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

“తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కాల్చుకునే రేంజిలో పక్కన మనిషి ఉంటాడు. ఆయన బతకాలనే కదా అన్నయ్యా, ఇంత తాపత్రయం.”

“అయితే ఒక్కసారి ఆయన్ని తీసుకురా. నా కళ్లముందు వేలు పెట్టి లాగితే ఎంత తగ్గించాలో తెలుస్తుంది.”

“రారు. మూతి వంకరపోయింది. నలుగురి కంటపడాలంటే చచ్చేంత సిగ్గు.”

ఈ పని నేర్పిన మామ పోయేముందు కూడా అతనికి ఒకే మాట చెప్పాడు. చెయ్యి చూడందే ట్రిగ్గర్ జోలికి పోవద్దన్నాడు. కాల్చేవాడు వచ్చి ఎదురుగా నిలబడాలి, ఖాళీ పిస్టల్‌లో ఉత్తుత్తి గుండు పెట్టి లాగి చూపించాలి, అప్పుడే పని మొదలుపెట్టాలి. ఆ కొట్లో ఇంతకాలం అలాగే జరిగింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది గాని, అన్నయ్యా అని పిలిచే మనిషి ముందు సామెతలు పనిచెయ్యవు.

“ఆలోచిస్తాలే. ఉంచి వెళ్లు,” అన్నాడు.

భోజనం దగ్గర సంగతంతా పెళ్లాంతో చెప్పాడు.

“మీరు మంచాన పడితే నేను మాత్రం ఊరుకుంటానా?” అంది ఆవిడ. “చెయ్యండి పాపం. అన్నిటికీ మా నాన్న మాటేనా?”

“మీ నాన్న ఏదీ ఊరికే అనేవాడు కాదు.”

“మా నాన్న ఎవర్నీ నమ్మేవాడు కాదు. నన్ను మీకిచ్చేటప్పుడూ నమ్మలేదు.”

మధ్యాహ్నం కొట్టు తలుపు దగ్గరగా వేసుకుని పనికి కూర్చున్నాడు. స్ప్రింగు మార్చాడు, కొక్కెం అంచు నునుపు చేశాడు. బిగించి, ఉత్తుత్తి గుండు పెట్టి వేలు ఆనించాడో లేదో, టక్కుమంది. బల్ల మీద కాస్త గట్టిగా పెట్టినా టక్కుమంది. తుమ్మితే ఊడే ముక్కులా తయారైంది. అతనికి భయం వేసింది. మళ్లీ బిగిద్దామని స్క్రూడ్రైవర్ తీశాడు. చెంచా పట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చి పక్కన పెట్టేశాడు.

సాయంత్రం ఆమె రాగానే ఎదురుగా కూర్చోబెట్టాడు.

“జాగ్రత్తగా విను. గుళ్లు పెట్టాక దీన్ని కింద పెట్టకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. తగిలితే చాలు, పేలుతుంది. ఆయనకి పదిసార్లు చెప్పు.”

“నేనే చెబుతాను. నా మాట ఆయన జవదాటరు.”

పెట్టెను చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని, అతనికి చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లింది.

అప్పట్నుంచి మిస్త్రీకి అన్నం సయించలేదు. ఫోను మోగితే ఆమే చేసిందేమోనని పరుగెత్తేవాడు. పేపరు తీస్తే ముందు చావు వార్తలు వెతికేవాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తనే తిట్టుకునేవాడు. ఆమె మాత్రం మళ్లీ కనిపించలేదు.

ఒకరోజు పొద్దున్నే కొట్టు షట్టరు సగంలో ఇరుక్కుంది. అతను కిందామీదా పడుతుంటే వెనకనుంచి ఎవరో కుడిచెయ్యి చాపి, ఒక్క ఊపులో పైకి లేపేశారు. చూస్తే తలుపంత మనిషి. భుజాన సంచి, మొహం నిండా నవ్వు.

“బ్యారెల్ తుడిచే బ్రష్ కావాలండీ. మా ఆవిడ మీ దగ్గరే పని చేయించింది. చెక్క పిడి, కొత్త సైటు...”

మిస్త్రీకి ప్రాణం లేచొచ్చింది.

“మీరేనా? చెయ్యి ఇంత తొందరగా బాగైందా?”

“నా చేతికేమైంది?” అన్నాడు ఆయన, అరచెయ్యి తిప్పి చూసుకుంటూ. “నేను జలుబు కూడా ఎరగను.”

మిస్త్రీ ఆయన మూతి వంక చూశాడు. ఏ వంకరా లేదు.

“మీరు... ఇదివరకు కాల్చేవారట కదా?”

“జన్మలో ముట్టుకోలేదు. పుట్టినరోజుకి మా ఆవిడ కొనిచ్చింది. ఇవాళే మొదటిసారి రేంజికి వెళ్తున్నా. ఎలా పట్టుకోవాలో అన్నీ తనే నేర్పింది.”

మిస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు.

“ఏం నేర్పింది?”

ఆయన పిస్టల్ చూపిద్దామని సంచిలో చెయ్యి పెట్టి తడుముతూ, మురిపెంగా నవ్వాడు.

“ట్రిగ్గర్ బాగా గట్టిదట, వేలెప్పుడూ దానిమీదే ఉంచుకోమంది.”