ఎర్ర పిడి

"మళ్లీ వచ్చినాది చూడు," అంది కోమలి, కిటికీ తెర కొంచెం పక్కకు జరిపి.

"ఎవరు?" పిండి డబ్బాలకు మూతలు పెడుతున్న మునిప్రసాద్ తలెత్తలేదు.

"నిమ్మకాయల సిద్ధమ్మ. కరెంటు పోయి అయిదు నిమిషాలు కాలేదు, గేటు కాడ బుట్ట దించేసింది. కరెంటు ఉన్న రోజు ఈ మనిషి మన వీధి మొగం చూడదు. గమనించినావా?"

"కాయలమ్ముకొనే ఆమె. నీకు అన్నీ అనుమానాలే."

కోమలికి అనుమానం ఊరికే రాలేదు. రేణిగుంట రోడ్డు పక్కన వాళ్లు ఉండే వీధిలో వాళ్లదే చివరి ఇల్లు. గేటు బయట ఉన్న కరెంటు స్తంభం కూడా ఆ లైనులో చివరిదే. కొండకు పోయే యాత్రికులు దిగే రెండు లాడ్జీలకు ఆమె రోజూ దోసెపిండి రుబ్బి పంపుతుంది. పగటి కోతలతో వేగలేక మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకుంది. బిగించినవాళ్లు పోతూ పోతూ ఒక మాట చెప్పారు. "వీధిలో కరెంటు పోతే ఇది కూడా దానంతటదే ఆగిపోతాదమ్మా. మీ కరెంటు ఎదురుపోయి లైన్లో చేరకూడదు గదా."

పిండి సగంలో ఉండగా ఆగిపోయేదానికి పలకలు ఎందుకని కోమలి తల పట్టుకుంటే, ఎలక్ట్రీషియన్ ఢిల్లీబాబు వచ్చి అరగంటలో ఆ అడ్డు తీసేశాడు. "ఇంక వీధంతా పోయినా మీ గ్రైండరు ఆగదక్కా. కరెంటు ఆఫీసోళ్ల చెవిన మాత్రం పడనీయొద్దు, కేసు రాస్తారు," అన్నాడు.

అన్నట్టే గ్రైండరు ఆగలేదు, సిద్ధమ్మ ఆ వీధిలో అడుగుపెట్టేదాకా.

మొదటిరోజు ఆమె బుట్ట దించి, "గూడూరు కాయలు తల్లీ, పిండితే గ్లాసుడు రసం," అంది.

"నిన్ను ఎప్పుడూ చూడలేదే అవ్వా?"

"ఈ మధ్యనే తిరగతా ఉండానమ్మా. నా కొడుకు కుడిచెయ్యి కాల్చుకున్నాడు. ఇంకా కట్టు విప్పలేదు."

"అయ్యో. ఏం పని చేస్తాడు?"

"ఏదో కాంట్రాక్టు పని. చెయ్యి మానేదాకా ఇంట్లో ఉండరా అంటే, ఉంటే తీసేస్తారంటాడు." కాయలు ఏరుతూ ఆమె చెవి ఇంటివైపు పెట్టింది. "కరెంటు లేదు గదా, లోపల ఏందో తిరగతా ఉండాదే?"

"ఏమీ లేదే."

"మీది సోలారు గదా తల్లీ. లైను పనులు జరిగేటప్పుడు దాన్ని ఆపుతారా?"

కాయలమ్మే మనిషికి ఈ ఆరా ఎందుకు? "దానంతటదే ఆగిపోతాది," అని కోమలి గట్టిగా చెప్పి, లోపలికి పోయి గ్రైండరు ఆపేసింది. సిద్ధమ్మ మేడ వంక చూసింది, గేటు పక్క గోడకున్న సోలార్ పెట్టె వంక చూసింది. కరెంటు వచ్చేదాకా అక్కడే కూర్చుని, వచ్చాక లేచిపోయింది.

తర్వాతి కోతకు గ్రైండరు సగంలో నిలిచిపోయింది. పోయి చూస్తే పెట్టెలో సోలార్ కరెంటును ఆపే ఎర్ర పిడి కిందికి దించి ఉంది, గేటు కాడ సిద్ధమ్మ బుట్టతో కూర్చుని ఉంది. ఆ తర్వాతి కోతకూ అదే జరిగింది. పిండి ఆలస్యమైందని లాడ్జీ జయరావు ఫోన్ చేశాడు. "ఇంకొక్కసారి ఇట్లయితే పక్కవీధి రూపశ్రీ కాడ తెప్పించుకుంటానమ్మా. ఏమీ అనుకోవద్దు."

ఆ పేరు వినగానే కోమలికి లెక్క కుదిరిపోయింది.

"ఇదంతా రూపశ్రీ పనే," అంది ఇప్పుడు మొగుడితో. "మన ఆర్డరు లాక్కొనేదానికి ఈమెను పంపిస్తా ఉండాది."

మునిప్రసాద్ చేతిలో మూత ఆగింది. "ఆఫీసోళ్ల మనిషేమో? కోత ఎప్పుడో మనకే తెలీదు. ఆమెకు ముందే ఎట్లా తెలస్తాది?"

ఆ మాట పూర్తి కాకముందే గ్రైండరు మూలిగి ఆగిపోయింది. కోమలి చేతులు తుడుచుకోకుండానే పెరటి గుమ్మం గుండా చుట్టూ తిరిగి వచ్చింది.

సిద్ధమ్మ పెట్టె ముందర నిలబడి ఉంది. ఎర్ర పిడిని రెండు చేతులతో కిందికి అదిమి పట్టుకుంది. పెదవులు 'గోవిందా, గోవిందా' అని కదులుతున్నాయి.

"దొరికినావు. తియ్ చెయ్యి."

"తియ్యను తల్లీ. ఇంకొంచేపు."

"రూపశ్రీ ఎంతిస్తానన్నాది నీకు?"

"ఆమె ఎవురో నాకు తెలీదు."

"అయితే ఆఫీసోళ్లా?"

"వాళ్లకు చెప్పాలనుకొనుంటే ఎప్పుడో చెప్పేదాన్ని. నిన్ను అడిగితే ఆగిపోతాదంటివి. నేను చెవిటిదాన్ని కాదమ్మా."

"లోపల పిండి సగంలో ఉండాది. ఈ లాడ్జీ పోతే మా గతేంది? నీ కడుపుకోసం మా కడుపు కొడతావా?"

"తిట్టు, కొట్టు. చెయ్యి మాత్రం తియ్యను."

కోమలి ఆమె మణికట్టు పట్టి లాగింది. పిండి చేతులు జారాయి. మళ్లీ పట్టుకుంది. పిడి కొద్దిగా పైకి లేచింది. ముసలామె ఒళ్లంతా దాని మీద వాల్చి మళ్లీ కిందికి నొక్కింది. ఇంత పెనుగులాటలోనూ ఆమె చూపు కోమలి మీద లేదు. గేటు బయట, పైన ఎక్కడో ఉంది.

ఎవరికి సైగ చేస్తోందోనని కోమలి కూడా తలెత్తి చూసింది.

స్తంభం ఎక్కి తీగల మీద పని చేస్తున్నవాడి కుడిచేతికి కట్టు ఉంది.