మూడు పెట్టెల ఆస్పత్రి

"సిబ్బంది వేరు, రోగి వేరు. ఈ పెట్టెలో ఉన్న పేరు ఆ పెట్టెలోకి రాదు. మధ్యలో గోడ కట్టేశాను," అన్నాడు సాఫ్ట్‌వేర్ నిపుణుడు, తెర మీద తాను గీసిన బొమ్మను చూపిస్తూ.

ఆస్పత్రిలో ఉన్న సమస్తాన్నీ అతను మూడు పెట్టెల్లో సర్దేశాడు: సిబ్బంది, రోగులు, సామాను. ఇక ఏ చీటీ కావాలన్నా ఈ సాఫ్ట్‌వేరే ఇవ్వాలి. పాత చీటీ పుస్తకాలు పొద్దున్నే అటకెక్కాయి. పెద్ద నర్సు సంతకం ఒక్కటే మిగిలింది.

ఆమె కలం తీయలేదు. "రేపు మా ఆయాకు జ్వరమొస్తే మంచం ఇవ్వొద్దా సార్?"

"చూడమ్మా, దీన్ని ఆంటాలజీ అంటారు. ఏది ఏమిటో ముందే తేల్చేసే శాస్త్రం."

"జ్వరానికి ఆ శాస్త్రం తెలీదు కదా సార్."

పక్కనున్న డాక్టరు నవ్వాపుకున్నాడు. నిపుణుడి ముఖం మాడిపోయింది.

"పదేళ్లు చదివాను దీన్ని. బెడ్‌పాన్లు మోసే చేతులు నా బొమ్మ దిద్దుతాయా? సంతకం పెడితే పెట్టండి, లేదంటే ఈవిడ పనికిరాదని పైకి రాసేస్తాను."

రెండేళ్లలో పెన్షను. ఆమె సంతకం పెట్టింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ కుర్చీలో వెనక్కి వాలకండి సార్, చక్రం వదులైంది."

"కుర్చీ సామాను పెట్టెలో ఉంది. దాని సంగతి సిస్టం చూసుకుంటుంది," అంటూ అతను ఇంకాస్త వాలాడు.

కుర్చీ తన సంగతి తానే చూసుకుంది. మనిషి కింద, కుర్చీ పైన. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగింది.

"ఎక్స్‌రే చీటీ, త్వరగా," అన్నాడు డాక్టరు.

నర్సు అతని పేరు కొట్టింది. తెర ఎర్రబడింది: 'ఈ పేరు సిబ్బందిది. రోగి కాజాలదు.' సిస్టంలోకి లాగిన్ కావడానికి పొద్దున తన పేరును సిబ్బందిలో అతనే చేర్చుకున్నాడు.

"ఆ గోడ తీసెయ్యండి," అని మూలిగాడు.

"మా చేతులకు రాదు సార్. పదేళ్లు చదవాలట."

"ఏదో ఒక పెట్టెలో పడెయ్యమ్మా, ప్రాణం పోతోంది."

ఆమె బొమ్మ వంక ఒకసారి చూసింది. మూడో పెట్టెకు అతను గోడ కట్టలేదు. నింపాదిగా టైపు చేసింది. చీటీ బయటికొచ్చింది.

ఎక్స్‌రే గదిలో ఉన్నాయన కళ్లజోడు సర్దుకుని దాన్ని పైకి చదివాడు:

"సామాను. పాడైన భాగం: కుడికాలు. బాగున్న భాగం: తల. కొత్తదే, ఇంకా వాడలేదు."